గోధుమ బస్తా వెంట తొమ్మిది రోజులు: జిబూతీ రేవు నుంచి ఇథియోపియాలోని వొల్లో కొండల దాకా

మొదటి రోజు: జిబూతీ రేవు

తెల్లారి ఆరింటికే ఎండ చురుక్కుమంటుంది. వేసవిలో ఇక్కడ 40 డిగ్రీలు మామూలే. దానికి సముద్రం తేమ తోడైతే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. మనిషికి చెమట, గోధుమకి బూజు.

ఇథియోపియాకి సముద్రం లేదు. 1993లో ఎరిట్రియా విడిపోయినప్పుడు తీరం పోయింది. 1998లో ఆ రెండు దేశాలూ యుద్ధానికి దిగాక అస్సాబ్ రేవు దారి కూడా మూసుకుపోయింది. అప్పట్నుంచి పన్నెండు కోట్లు దాటిన జనానికి బయటి నుంచి రావలసిన సరుకులో నూటికి తొంభై వంతులు ఈ చిన్న దేశం రేవులోనే దిగాలి. ఎరువూ ఇక్కడే, పెట్రోలూ ఇక్కడే, కరువు గింజా ఇక్కడే.

2022 ఆగస్టు 16న ఉక్రెయిన్‌లోని పివ్దెన్నీ రేవు నుంచి బయల్దేరిన బ్రేవ్ కమాండర్ అనే ఓడ ఆ నెల 30న ఇక్కడికి చేరింది. యుద్ధం మధ్యలోనూ ఉక్రెయిన్ గింజ బయటికి రావడానికి నల్లసముద్రం ధాన్య ఒప్పందం కుదిరాక ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం ఆఫ్రికాకి పంపిన మొదటి ఓడ అదే. దాన్లో 23,000 టన్నుల గోధుమ. వినడానికి పెద్ద అంకె. మనిషికి నెలకి 15 కిలోల చొప్పున లెక్కేస్తే 15 లక్షల మంది చిల్లరకి సరిపోతుంది, అదీ ఒక్క నెలకి. రెండో నెలకి ఇంకో ఓడ కావాలి. ఈ తొమ్మిది రోజులూ ఆ లెక్కని మనసులో పెట్టుకుని నడవాలి.

గోధుమ సంచుల్లో రాదు, ఓడ కడుపు నిండా పోసి వస్తుంది. ఖాళీ సంచులు, కుట్టు దారం, సూదులు విడిగా వస్తాయి. గింజని బయటికి లాగడానికి రెండు పద్ధతులు. లావుపాటి గొట్టంతో పీల్చడం ఒకటి, క్రేనుకి కట్టిన ఇనప దోసిలితో తోడడం ఇంకొకటి. పీల్చే యంత్రం దుమ్ము తక్కువ లేపుతుంది, నేల మీద గింజ రాలనివ్వదు, కానీ నెమ్మది. దోసిలి జోరుగా తోడుతుంది, దాని అంచుల్లోంచి గింజ కారుతూనే ఉంటుంది. ఆ కారినదంతా చీపురుతో ఊడ్చి విడిగా తూచాలి. ‘ఊడ్పు సరుకు’ అని వేరే పద్దు. దాన్ని మంచి గింజలో కలిపితే రాళ్లూ నూనె మరకలూ కూడా మనుషుల కంచాల్లోకి పోతాయి.

మూత తీయగానే మొదట చూసేది పైపొర. చల్లటి దేశంలో నింపిన గింజ చల్లగానే ఉంటుంది. దారిలో ఉక్కపోత సముద్రంలోకి వచ్చాక గాలి కోసమని ఓడవాళ్లు కిటికీలు తెరిస్తే, తేమ గాలి ఆ చల్లటి గింజ మీద నీరుగా మారి పేరుకుంటుంది. ఎండాకాలంలో చల్లటి చెంబుకి పట్టే చెమటే ఇదీ. పైన జానెడు మందాన గింజ గడ్డకట్టి, ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఆ పొరని పారలతో గీకి వేరుచేశాకే కింది సరుకు ముట్టుకోవాలి. తొందరపడి కలిపేస్తే చెడ్డ పొర మంచి సరుకుని కూడా పాడుచేస్తుంది. తేమ 13.5 శాతం దాటితే తీసుకోకూడదని సాధారణంగా ఒప్పందాల్లో రాసుకుంటారు. ఆ మాట పైపొరకీ అడుగు పొరకీ విడివిడిగా కొలిచినప్పుడే పనికొస్తుంది. రెంటినీ కలిపి సగటు తీస్తే ఏ ఓడైనా గట్టెక్కేస్తుంది.

రెండో రోజు: కాటా దగ్గర

రేవు గట్టు మీదే బస్తాలు కట్టే యంత్రాలుంటాయి. పై గరాటులోకి గింజ పడుతుంది, కింద మనిషి సంచి మూతి పట్టుకుంటాడు, 50 కిలోల దగ్గర తలుపు టక్కున మూసుకుంటుంది, పక్కవాడు మూతి మడిచి కుట్టేస్తాడు. ఇక్కడ తప్పంతా కాటా దగ్గరే. దుమ్ము పేరుకున్న కాటా బస్తాకి పావు కిలో తేడా చూపిస్తే, 23,000 టన్నులకి అయ్యే 4,60,000 బస్తాల్లో ఆ తేడా 115 టన్నులు. అందుకే అదాటున ఒక బస్తాని లాగి వేరే కాటా మీద పెడుతుంటారు. ఎక్కువ తూగినా నష్టమే. ఆ ఎక్కువంతా చివర్లో బస్తాల లెక్కలో ‘తరుగు’గా తేలుతుంది.

ఇక లారీలు. ఇథియోపియా లారీకి వెనక తొట్టి తగిలిస్తే 400 క్వింటాళ్లు. అక్కడా కొలత క్వింటాలే, మన మార్కెట్ యార్డులో లాగే. అంటే 40 టన్నులు, 800 బస్తాలు. ఆ ఓడ ఒక్కదానికే 575 లారీలు కావాలి.

అన్ని లారీలు ఖాళీగా దొరుకుతాయా అన్నది అసలు ప్రశ్న. ఇథియోపియా కొనేది ఎక్కువ, అమ్మేది తక్కువ. కిందికి దిగే లారీలు చాలావరకు ఖాళీగానే దిగుతాయి కాబట్టి రానూపోనూ బాడుగంతా పైకెళ్లే సరుకు మీదే పడుతుంది. పైగా జూన్‌లో పెద్ద వానలు మొదలయ్యేలోపు ఎరువు ఊళ్లకి చేరాలి. 2016లో ఎల్‌నినో కరువుకి తెప్పించిన గోధుమ ఓడలూ, ఎరువు ఓడలూ ఒకేసారి వచ్చిపడి ఈ రేవులో క్యూ కట్టాయి. ఎరువుకి ముందు దారివ్వాలా, తిండికా? బయటి నుంచి చూస్తే తిండికే అనిపిస్తుంది. కానీ ఎరువు పది రోజులు ఆలస్యమైతే వచ్చే ఏడాదికీ ఇదే క్యూ తప్పదు. ఎరువుకి దారిచ్చే అధికారిని కసాయివాడనడం తొందరపాటే.

ఆలస్యానికి మరో మూలం సముద్రానికి అవతల ఉంది. అమెరికా ఆహార సాయం 1954లో పీఎల్-480 చట్టంతో మొదలైంది. తమ రైతుల దగ్గర మిగిలిన పంటని కదిలించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఆ సాయంలో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే రావాలన్నది ఇంకో చట్టం. 1985లో ఆ వాటాని 75 శాతానికి పెంచి, 2012లో మళ్లీ 50కి దించారు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2009లో లెక్కగట్టింది: సహారాకి దిగువనున్న పది దేశాలకి అమెరికా నుంచి గింజ చేరడానికి సగటున 147 రోజులు పట్టింది. సాయం అందుకునే దేశంలోనే కొంటే 35, పొరుగు దేశాల్లో కొంటే 41. ఖర్చూ అక్కడే కొంటే మూడో వంతు తక్కువ. జిబూతీలో ముందుగానే సరుకు నిల్వ ఉంచే అమెరికా గోదాములు పెట్టింది ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆగిపోయినప్పుడు అలాంటి గోదాముల్లో సరుకు నెలల తరబడి కదల్లేదు. దుబాయ్ గోదాంలో దాదాపు 500 టన్నుల పోషక బిస్కెట్లు గడువు దాటిపోయి తగలబెట్టాల్సి వచ్చింది.

మూడో రోజు: గలాఫీ దారి

లారీలు చీకటితోనే బయల్దేరతాయి. పగటి ఎండలో టైర్లు పగులుతాయి, ఇంజను మరుగుతుంది. ఊరు దాటగానే గ్రాండ్ బారా అనే మైదానం, అరచెయ్యంత చదునుగా పచ్చిక పోచ లేకుండా పడి ఉంటుంది. దిఖిల్, యొబోకీ దాటి సుమారు 200 కిలోమీటర్ల దగ్గర గలాఫీ సరిహద్దు. వరసగా ఆగిన లారీల కిందే డ్రైవర్లు చాపలేసుకుని పడుకుంటారు.

లారీ ఎక్కిన సరుకుకి ప్రాణం వేబిల్లు. ఎన్ని బస్తాలు, ఏ ఓడవి, బరువెంత, సీలు నంబరెంత, అన్నీ అందులోనే. ఈ కాగితం ప్రకారం చేరని ప్రతి బస్తాకీ రవాణా కంపెనీ బిల్లులోంచి డబ్బు కోస్తారు. అందుకని డ్రైవరుకి దొంగల కంటే టార్పాలిన్ తాడు మీదే బెంగ ఎక్కువ. తాడు వదులైతే గాలికి టార్పాలిన్ కొట్టుకుని పైవరస సంచులు అరుగుతాయి. ప్లాస్టిక్ నేత సంచి ఎండకి ముందే పెళుసెక్కి ఉంటుంది. ఒక్క పోగు తెగితే చాలు, చిల్లు పడి దారి పొడుగునా గింజ కారుతుంది.

నాలుగో రోజు: అఫార్ ఎడారి

సర్దో, సెమెరా, లోగియా, మిల్లే. పేర్లు వేరే, దుమ్మొక్కటే. లోగియా లారీల ఊరు. రాత్రంతా టైరు పంక్చర్లు, టీ, పులిసిన పిండితో పోసే ఇంజెరా అట్లు.

ఈ దారిలో తెలుగువాళ్లెవరైనా ఠక్కున గుర్తుపట్టే మొక్క ఒకటుంది: సర్కారు తుమ్మ. ఎడారిని ఆపడానికని, వంటచెరుకుకని తెచ్చి నాటింది. ఇప్పుడు అవాష్ నది ఒడ్డు పచ్చిక బయళ్లని మింగేసింది. కాయలు తిన్న మేకలు గింజల్ని పేడలో చల్లుకుంటూ పోతాయి. మేత పోయాక అఫార్ పశువుల కాపరులకి మిగిలేది సాయం బస్తా. కరువంటే వాన పడకపోవడం మాత్రమే కాదని చెప్పడానికి ఈ ముళ్లపొద చాలు. అవాష్ నదికీ సముద్రం లేదు. ఎగువన పత్తికీ చెరుకుకీ నీళ్లిచ్చి, మిగిలింది అబ్బే సరస్సులో ఇంకిపోతుంది.

మిల్లేలో కస్టమ్స్ చెక్‌పోస్టు. ఒక దారి దక్షిణంగా అవాష్, అదామా మీదుగా అడిస్ అబాబాకి పోతుంది. మన బస్తా పడమటి దారి పడుతుంది.

సెమెరా నుంచి ఉత్తరంగా అబాలా మీదుగా తిగ్రాయ్ ప్రాంత రాజధాని మెకెలే పోయే మూడో దారి ఒకటుంది. 2020 నవంబరు నుంచి 2022 నవంబరు దాకా సాగిన తిగ్రాయ్ యుద్ధంలో లక్షల మంది ఆశలన్నీ దాని మీదే. 2021 డిసెంబరు మధ్య నుంచి 2022 ఏప్రిల్ 1 దాకా ఆ దారిన ఒక్క సాయం లారీ కూడా మెకెలే చేరలేదు. గింజ ఉంది, లారీ ఉంది, దారి లేదు. 2022 ఆగస్టులో మెకెలే గోదాం నుంచి 5,70,000 లీటర్ల డీజిలు బలవంతంగా తోడుకుపోయారు. గోదాంలో గింజ ఉన్నా ఊళ్లకి చేర్చే లారీల్లో పొయ్యడానికి చమురు లేకపోతే ఆ గోదాం ఉన్నా లేనట్టే.

అయిదో రోజు: బాటీ ఎక్కుడు

మిల్లే దగ్గర సముద్ర మట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తు. బాటీకి వచ్చేసరికి 1,500. లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. బాటీ సోమవారం సంత పేరుమోసింది. కిందినుంచి ఒంటెలతో అఫార్లు, పైనుంచి ధాన్యంతో అమ్హారాలు, ఒరోమోలు ఇక్కడ కలుస్తారు.

కరువు ముందుగా కనిపించేది ఈ సంతలోనే. మేకకి ఎన్ని కిలోల జొన్నలొస్తాయన్నది చూడాలి. వాన తప్పగానే కాపరులందరూ ఒకేసారి పశువుల్ని తోలుకొస్తారు, పశువు ధర పడుతుంది. గింజ ధర అదే వారం లేస్తుంది. రెండు వైపులా కోత. మేకకి వచ్చే జొన్న సగానికి పడిందంటే, రెండు మూడు నెలల్లో పిల్లల భుజాలు సన్నబడతాయి. సాయం నిర్ణయం ఈ సంత లెక్క చూసి తీసుకుంటే గింజ వేళకి చేరుతుంది. ఎముకలు తేలిన పిల్లల ఫొటోలు వచ్చాక తీసుకుంటే ఆ 147 రోజులు అప్పుడు మొదలవుతాయి. కోతలు నవంబరు, డిసెంబరుల్లో. ఆలస్యమైన ఓడ సరిగ్గా అప్పుడే వస్తే కళ్లం మీది రైతు ధర కూడా పడిపోతుంది.

ఆరో రోజు: కొంబోల్చా గోదాం

మనం ఒక్క రోజులో దాటేసే ఈ చోట గింజ వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. ఈ ప్రయాణంలో జాగ్రత్త ఎక్కువ కావలసింది ఇక్కడే.

లారీ రాగానే సీలు నంబరు చూస్తారు. హమాలీలు బస్తాలు దింపుతుంటే ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా లెక్కపెడతారు. అంకెలు కలవకపోతే దొంతి విప్పి మళ్లీ లెక్కే. ఇనప కొక్కేలు నిషిద్ధం. కొక్కెం పడిన ప్రతి సంచికీ చిల్లు, చిల్లుకో ఎలుక. కింద చెక్క బల్లలు పరిచి, గోడకి మీటరు దూరం వదిలి పేర్చాలి. ఆ సందులో మనిషి నడవాలి, పురుగు కనిపించాలి, ఎలుక దాక్కోకూడదు. ప్లాస్టిక్ సంచులు జారతాయి. అందుకని తాపీమేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు ఒక వరస నిలువు, పై వరస అడ్డం. పైకి పోయేకొద్దీ లోపలికి జరుపుతూ సుమారు ఇరవై వరసల దగ్గర ఆపాలి. చోటు చాలక గోడకి ఆనించి పేర్చిన దొంతి చెమ్మ పీల్చుకుంటుంది. పక్కకి ఒరిగిన దొంతి మనుషుల మీద పడుతుంది.

పురుగుల్లో మనవాళ్లకి తెలిసినవే ఎక్కువ: ముక్క పురుగు, ఎర్ర పిండి పురుగు. వీటికి వాడేది అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు, మన రైస్ మిల్లుల్లో వాడేవే. మూడు గ్రాముల బిళ్ల గాలిలో తేమ తగిలి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువు ఇస్తుంది. టన్నుకి రెండు మూడు బిళ్లలు. అంటే 500 టన్నుల దొంతికి వెయ్యి నుంచి పదిహేను వందలు. గాలి చొరని పట్టా కప్పి, అంచుల మీద ఇసుక నింపిన గొట్టాలు పరిచి, అయిదు నుంచి ఏడు రోజులు ముట్టకుండా వదలాలి. కొంబోల్చా జిబూతీలాంటిది కాదు. 1,800 మీటర్ల ఎత్తు, రాత్రిళ్లు చలి. చలికి పురుగు ఊపిరి మందగిస్తుంది, వాయువు కూడా నెమ్మదిగా వస్తుంది. ఇక్కడ వారానికి తగ్గిస్తే పని జరగదు.

జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. పంపిణీ తేదీ ముంచుకొచ్చిందని మూడో రోజే పట్టా తీసేస్తారు. పైకి పెద్ద పురుగులన్నీ చచ్చి రాలి ఉంటాయి, అందరికీ సంతోషం. గింజ లోపలున్న గుడ్లూ ప్యూపాలూ చావవు. నెలన్నర తిరిగేసరికి దొంతి మళ్లీ కదులుతుంటుంది. ఈసారి మిగిలినవి మందుకి తట్టుకున్న రకం. ఇంకో ప్రమాదం బిళ్లల్ని కుప్పగా ఒకేచోట పెట్టడం, లేదా వాటి మీద నీళ్లు పడటం. అప్పుడు నిప్పంటుకుంటుంది. పట్టా తీశాక గోదాం తలుపులన్నీ తెరిచి, వాయువు మీటరు 0.3 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 0.3 వంతు) కంటే తక్కువ చూపించేదాకా హమాలీని లోపలికి పంపకూడదు. వెల్లుల్లి వాసన రావట్లేదు కదా అని పంపేవాళ్లున్నారు. వాసన ఆగినంత మాత్రాన వాయువు పోయినట్టు కాదు.

2021 చివర్లో యుద్ధం ఈ ఊరి దాకా వచ్చినప్పుడు గోదాములు దోపిడీకి గురయ్యాయి. పోషకాహారం తక్కువైన పిల్లల కోసం ఉంచిన సరుకూ పోయింది. డిసెంబరులో ఇక్కడా దెస్సీలోనూ పంపిణీ ఆపేశారు.

ఏడో రోజు: దెస్సీ

కొంబోల్చా నుంచి పాతిక కిలోమీటర్లే, ఎత్తు మాత్రం 2,500కి చేరుతుంది. వొల్లో ప్రాంతానికి దెస్సీ పాత రాజధాని. 1973లో వొల్లోలో జనం ఆకలితో చస్తున్నప్పుడు దేశం మొత్తం మీద పంట పెద్దగా తగ్గలేదు. ఈ రోడ్డు మీదుగా ఇక్కణ్ణుంచి గింజ బయటికి పోయింది కూడా. ధర చెల్లించగల ఊళ్లు వేరే ఉన్నాయి మరి. అమర్త్య సేన్ తన వాదానికి వొల్లోని ఉదాహరణగా ఎంచుకున్నది అందుకే: తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి మీద హక్కు లేకపోవడం వేరు. ఆ మరుసటి ఏడాది, 1974 సెప్టెంబరులో హైలే సెలాసీ సింహాసనం పోయింది.

ఉత్తరంగా పోతే కొరెమ్. 1984 అక్టోబరులో టీవీ కెమెరాలు ప్రపంచానికి చూపించిన శిబిరం అదే. ఇథియోపియా పంచాంగం మనం వాడే ఇంగ్లీషు లెక్కకి ఏడెనిమిదేళ్లు వెనక. అందుచేత అది వాళ్లకి 1977. ఇప్పటికీ ఆ కరువుని ‘డెబ్బై ఏడు’ అనే అంటారు. మనవాళ్లు 1832-33 గుంటూరు కరువుని ఏడాది పేరుతో నందన కరువు అన్నట్టు, 1876 నాటిది ధాత కరువైనట్టు.

ఆ ఏళ్లలో వచ్చిన సాయం గోధుమ వెంట ఒక కలుపు మొక్క కూడా దిగిందని ఇక్కడ చెప్పుకుంటారు. చూస్తే మన వయ్యారిభామే. మన దగ్గరా దాన్ని పీఎల్-480 గోధుమలకే అంటగడతారు. 1960లలో అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనదీ. ఓడ నుంచి నేరుగా నోటికి అనేవారు ఆ రోజుల్ని.

ఎనిమిదో రోజు: పంపిణీ కేంద్రం

దెస్సీ దాటాక తారు రోడ్డు వదిలి కొండదారి. 400 క్వింటాళ్ల లారీ ఇక్కడికి రాదు, చిన్న లారీల్లోకి మార్చాలి. వానల్లో అవీ రావు. ఇక్కడి కెబెలే అంటే మన పంచాయతీలాంటిది.

ఒక్కొక్కరికి నెలకి 15 కిలోల గోధుమ, కిలోన్నర పసుపు బఠాణీ పప్పు, 450 గ్రాముల నూనె. రోజుకి చూస్తే అర కిలో గోధుమ, 50 గ్రాముల పప్పు, 15 గ్రాముల నూనె. కలిపి రెండువేల కేలరీలకి కొంచెం అటూ ఇటూ. ప్రణాళికల్లో మనిషికి 2,100 అని పెట్టుకుంటారు.

బస్తా 50 కిలోలు, వాటా 15. భాగించండి, సరిపోదు. అందుకే పదేసి మందిని జట్టు కడతారు: పది మందికి సరిగ్గా మూడు బస్తాలు. నాలుగు లీటర్ల నూనె టిన్ను ఎనిమిది మందికి. పప్పు బస్తా 33 మందికి పోగా అర కిలో మిగులుతుంది. ఆ మిగులు ఎవరికన్నది పొద్దున్నే అందరి ముందూ చెప్పకపోతే మధ్యాహ్నానికి గొడవ. జట్టులో పంచుకునేటప్పుడు డబ్బాతో కొలుస్తారు. డబ్బా నిండుగా గోపురంలా పోస్తే ఒకటి, అంచుకి కర్రతో గీస్తే ఇంకొకటి. చివరికొచ్చిన ముసలమ్మకి తగ్గేది అక్కడే. వేలాడదీసే కాటా ఒకటి, పక్కన తెలిసిన బరువు రాయి ఒకటి ఉంటే ఈ తగువు సగం తీరుతుంది.

అసలు కష్టం జాబితా. ఎవరు పేదలో తేల్చడం ఏళ్ల తరబడి స్థానిక అధికారుల చేతుల్లో ఉండేది. 2023 వసంతంలో తిగ్రాయ్‌లోని షెరారో సంతలో సాయం గోధుమ కుప్పలుగా కనబడింది. మే 3న అమెరికా సాయం సంస్థ యూఎస్‌ఎయిడూ, ప్రపంచ ఆహార కార్యక్రమమూ తిగ్రాయ్‌కి, జూన్‌లో దేశం మొత్తానికీ పంపిణీ ఆపేశాయి. ఏడు ప్రాంతాల్లో అరవైకి పైగా పిండి మిల్లుల్లో సాయం గోధుమ దొరికింది. సరుకు లారీల లెక్కన మళ్లిందన్నమాట. దేశమంతటా తిరిగి మొదలైంది డిసెంబరులో. ఆ తర్వాత లారీలకి జీపీఎస్, జాబితాలు అధికారుల చేతిలోంచి తీసి ఊరి ముందు చదవడం, పేర్లన్నీ కంప్యూటరులో ఎక్కించడం వచ్చాయి. మంచివే. అయితే దొంగని పట్టుకోవడానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా, సరిగ్గా గాదెలు ఖాళీ అయ్యే నెలల్లో, దేశమంతా పస్తులుంచడం న్యాయమేనా? ఈ వ్యాసం దృష్టిలో కాదు. మిల్లులకి తాళం వేయడానికి ఊళ్లకి తాళం వేయనక్కర్లేదు.

సంతలో సాయం గోధుమ కనపడగానే దొంగతనమనీ అనుకోకూడదు. ఒకామె ముందు రెండు గిన్నెల గోధుమ ఉంటే అది ఉప్పూ సబ్బూ కొనుక్కోవడానికి. ఇరవై బస్తాలు కుట్టు విప్పకుండా ఉంటే అది వేరే కథ.

కేంద్రం పక్కనే ఆరోగ్య కార్యకర్త పిల్లల దండచెయ్యి చుట్టుకొలత తీస్తుంది. టేపు మీద 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, 12.5 దాకా పసుపు. ఎరుపు పిల్లకి గోధుమ పనికిరాదు. కావలసింది పల్లీ ముద్ద పొట్లం: పల్లీ, పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు. 92 గ్రాములు, 500 కేలరీలు, నీళ్లు కలపక్కర్లేదు కాబట్టి మురికి నీటి భయం లేదు. 150 పొట్లాల పెట్టె ఒకటి దాదాపు ఒక బిడ్డ వైద్యానికి సరిపోతుంది. ఇంటికెళ్లాక అన్నదమ్ములందరూ పంచుకుంటే ఎవరికీ ఒళ్లు రాదు. అందుకే ఆ తల్లికి ఇంటి మొత్తానికి గోధుమ వాటా కూడా వేళకి అందాలి. రెండూ ఒకేచోట, ఒకేరోజు. 2025 ఏప్రిల్‌లో డబ్బు చాలక 6,50,000 మంది తల్లులకీ పిల్లలకీ పోషకాహార లోపానికి చికిత్స ఆపాల్సి వస్తోందని ప్రపంచ ఆహార కార్యక్రమం ప్రకటించింది.

ఇది ఉత్తినే ఇచ్చేది. వేరే పద్దు కూడా ఉంది. 2005లో మొదలైన ఆహార భద్రతా పథకంలో పని చేయగలిగినవాళ్లు ఇంట్లో మనిషికి నెలకి అయిదు రోజులు గట్లు వేసి, కందకాలు తవ్వి గింజో డబ్బో తీసుకుంటారు. మర్నాటి ఏడాది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన మన ఉపాధి హామీకి దగ్గరి చుట్టం. ఎదురుగా కొండ మీద మెట్లుమెట్లుగా కనిపించే రాతి గట్లు అలాంటి పనితో వచ్చినవే.

తొమ్మిదో రోజు: మిల్లూ, పెనమూ

బస్తా గాడిద మీద ఊరు చేరుతుంది. గాడిదకి బాడుగ. తర్వాత పిండిమర, దానికీ డబ్బు. చేతిలో బిర్ర్ (అక్కడి డబ్బు) లేనివాళ్లు గింజే ఇస్తారు. ముడి గింజ ఇచ్చే ప్రతిచోటా ఈ తరుగు ఉంటుంది, కాగితం మీద 15 కిలోలే. కొన్నిచోట్ల మరాడించుకునే ఖర్చు కూడా కలిపి ఇస్తారు. ఇంత చిన్న ఖర్చు మీద ఇంత ఫలితం మరొకటి ఇవ్వదు.

మరాడించలేని ఇంట్లో నిఫ్రో: గోధుమల్ని ఉప్పేసి ఉడికించడం. మన గుగ్గిళ్లే. కట్టెలు ఎక్కువ పడతాయి, పసిపిల్లలు నమల్లేరు. పిండి దొరికితే ఇంజెరా. ఇంజెరాకి అసలు వాడే టెఫ్ అనే సన్న గింజ ధర అందదు కాబట్టి గోధుమ పిండిలో జొన్నపిండి కలిపి రెండు మూడు రోజులు పులియబెడతారు. కొంత పిండిని విడిగా ఉడకబెట్టి జావలా చేసి మళ్లీ కలుపుతారు, దాన్ని అబ్సిత్ అంటారు. అది లేకపోతే ఇంజెరా మీద కళ్లలాంటి చిల్లులు రావు. మిటాద్ అనే మట్టి పెనం మీద గుండ్రంగా పోసి మూత పెడతారు. గోధుమ ఒక్కదానితోనే చేస్తే మర్నాటికి బిరుసెక్కుతుంది.

అయిదుగురున్న ఇంటికి 75 కిలోలు వస్తాయి. పక్కింటివాళ్ల పేరు జాబితాలో లేకపోతే వాళ్లకీ పెడతారు. నెల తిండి పదిహేను రోజులకి వస్తుంది. సర్వేకి వచ్చినవాళ్లు దీన్ని ‘పంపకంలో లోపం’ అని రాసుకుంటారు. వచ్చే ఏడు తమ పేరే ఉండకపోవచ్చని ఊళ్లో అందరికీ తెలుసు.

చివరగా ఒక హెచ్చరిక, పంపిణీ రోజునే మైకులో చెప్పవలసింది. ఆకలి నెలలూ విత్తే నెలలూ ఒకటే. విత్తనం తినేసిన ఇంట్లో సాయం గోధుమ నుంచి నాలుగు దోసిళ్లు తీసి పొలంలో చల్లుతారు. ఉక్రెయిన్ గోధుమలో ఎక్కువ భాగం శీతకాలపు రకం. వెన్ను వేయాలంటే ముందు వారాల తరబడి గట్టి చలి తగలాలి. ఈ కొండల చలి దానికి చాలకపోతే మొలుస్తుంది, పచ్చగా దుబ్బు కడుతుంది, చూస్తే ముచ్చటేస్తుంది, సెప్టెంబరు వచ్చినా గడ్డిగానే ఉంటుంది. తిండి బస్తాతో పాటే ఇక్కడి విత్తనం కొంత విడిగా ఇచ్చిన కెబెలేల్లో ఈ అవసరం రాదు. ఇవ్వని చోట ఆ పచ్చదనాన్ని పశువులకి కోసి వేస్తారు.